గులాబీ రంగు వచ్చినంత మాత్రాన గ్లైకోప్రొటీన్ అయిపోదు

హన్మకొండలో ఏ పెళ్లికి వెళ్లినా నాకు ఈ ప్రశ్న తప్పదు. "ఏం పని చేస్తవు బిడ్డా?" అంటారు. "కణాల్లో చక్కెర అతుక్కున్న ప్రొటీన్లను గుర్తుపట్టే పని పెద్దమ్మా" అంటాను. "అయితే మీ పెద్దబాపు షుగర్‌కు ఏ గోలీ మంచిదో చెప్పు" అని వెంటనే వస్తుంది. నవ్వి ఊరుకుంటాను గానీ, ఇదే గందరగోళం ఎమ్మెస్సీ పిల్లల్లోనూ కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

అపోహ: ప్రొటీన్‌కు చక్కెర అంటితే అది షుగర్ జబ్బు వల్లే.

మూడు నెలల షుగర్ టెస్టు అని చేయించుకుంటామే, హెచ్‌బీఏ1సీ, అందులో కొలిచేది హిమోగ్లోబిన్‌కు దానంతటదే అంటుకున్న గ్లూకోజ్‌ని. దానికి ఎంజైమ్ అక్కర్లేదు, రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే అదీ ఎక్కువవుతుంది, దాన్ని గ్లైకేషన్ అంటారు. నేను వెతికేది వేరే: కణమే ఎంజైములు పెట్టి, ఫలానా చోట ఫలానా చక్కెరల గొలుసును కావాలని తగిలిస్తుంది. అలా గొలుసు తగిలిన ప్రొటీనే గ్లైకోప్రొటీన్. ఎ, బి రక్త గ్రూపుల తేడా కూడా అలాంటి గొలుసు చివర ఉన్న ఒక్క చక్కెర తేడానే.

అపోహ: జెల్ మీద గులాబీ బ్యాండ్ వచ్చిందంటే గ్లైకోప్రొటీన్ దొరికినట్టే.

జెల్ అంటే ప్రొటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసే పలక, ఆ గీతే బ్యాండ్. దాని మీద చక్కెరకు రంగు వేసే పాస్ స్టెయిన్ సంగతి ఇది. పీరియాడిక్ ఆమ్లం చక్కెరలో పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్ జంటను విడగొట్టి ఆల్డిహైడ్‌గా మారుస్తుంది, షిఫ్ రీఏజెంట్ ఆ ఆల్డిహైడ్‌ను పట్టుకొని గులాబీ రంగు ఇస్తుంది. అంటే రంగు వచ్చేది ఆల్డిహైడ్‌కి, ప్రొటీన్‌కి కాదు. గ్లైకోజెన్ (కణాలు దాచుకునే చక్కెర నిల్వ) ఉన్నా వస్తుంది, గ్లూటరాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసిన శాంపిల్ అయితే పీరియాడిక్ ఆమ్లం వేయకపోయినా వస్తుంది. కొత్తలో నేను మూడు వారాలు ఒక బ్యాండ్ చుట్టూ తిరిగాను, చివరికి పీరియాడిక్ ఆమ్లం లేకుండా ఇంకో జెల్ నడిపితే అందులోనూ అదే బ్యాండ్, అంతే గులాబీ. అప్పటినుంచి రెండు జెల్స్ లేకుండా ఎవరు ఫొటో తెచ్చినా చూడను. అదే జెల్‌లో హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ ఒక లేన్ (దానికి చక్కెర ఉంది, రంగు రావాలి), సోయా ట్రిప్సిన్ ఇన్‌హిబిటర్ ఒక లేన్ (రాకూడదు). ఇంకోటి, షిఫ్ సీసాలోనే గులాబీగా కనిపిస్తే పారబోయండి, అది పాడైనట్టు. మన ఎండలకు దాన్ని బల్ల మీద వదిలేయొద్దు.

అపోహ: లెక్టిన్ పట్టుకుందంటే ఆ చక్కెర ఉన్నట్టు, పట్టుకోలేదంటే లేనట్టు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. లెక్టిన్లంటే చక్కెరలను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు, మనం వాడేవాటిలో చాలా వరకు గింజల నుంచి తీసినవే. 1888లో స్టిల్‌మార్క్ ఆముదం గింజల్లో ఉన్న రైసిన్ రక్తకణాలను ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుందని చూపించాడు, ఈ రంగానికి అదే మొదలు. పనస గింజల నుంచి జాకలిన్ వస్తుంది. చిక్కుడు కుటుంబానికే చెందిన జాక్ బీన్ నుంచి కాన్ ఎ వస్తుంది, దాన్ని 1919లో సమ్నర్ స్ఫటికాలుగా తీశాడు.

కాన్ ఎ పని చేయాలంటే కాల్షియం, మాంగనీస్ ఉండాలి. వెస్టర్న్ బ్లాట్ అలవాటు కొద్దీ పిల్లలు లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) ఈడీటీఏ వేస్తారు, అది ఆ లోహాలను లాగేసుకుంటుంది, కాన్ ఎ నింపిన కాలమ్‌కు ఏమీ అంటదు, "సార్, ఇందులో గ్లైకోప్రొటీన్లు లేవు" అని రిపోర్టు. ఫాస్ఫేట్ బఫర్ వాడితే కాల్షియం అడుగున పేరుకుంటుంది, ట్రిస్ వాడండి. బ్లాట్‌ను (జెల్ నుంచి ప్రొటీన్లను ఎక్కించిన మెంబ్రేన్‌ను) పాలపొడితో బ్లాక్ చేయడం, అంటే ఖాళీ చోట్లను కప్పడం, ఇంకో సంగతి: పాలలోనే బోలెడు గ్లైకోప్రొటీన్లు, లెక్టిన్ వెళ్లి వాటినే పట్టుకుంటుంది, మెంబ్రేన్ అంతా నల్లగా. లెక్టిన్‌కు బయోటిన్ తగిలించి, దాన్ని పట్టుకునే అవిడిన్ అనే ప్రొటీన్‌తో గుర్తిస్తాం. అవిడిన్‌కే చక్కెర ఉంది కాబట్టి దాని బదులు స్ట్రెప్టావిడిన్ వాడాలి, అప్పుడు కూడా మైటోకాండ్రియాలో సహజంగా బయోటిన్ ఉన్న ఎంజైములు 75, 130 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్లు ఇస్తాయి, వాటిని చూసి పండగ చేసుకోవద్దు.

ఊరికే అతుక్కున్నవాటిని పట్టుకునే ఉపాయం చవక. కాన్ ఎ అయితే, ఇంకో ట్యూబులో అది పట్టుకునే చక్కెర, 0.2 మోలార్ మిథైల్ మానోసైడ్, కలిపి అదే ప్రయోగం చేయండి. బ్యాండ్ మాయమైతే చక్కెర వల్ల అంటుకుంది, మాయం కాకపోతే ఊరికే అతుక్కుంది.

అపోహ: పీఎన్‌గేజ్ ఎఫ్ వేసినా బ్యాండ్ కిందికి దిగలేదంటే చక్కెర లేదు.

పీఎన్‌గేజ్ ఎఫ్ అంటే ప్రొటీన్ నుంచి చక్కెర గొలుసును కోసే ఎంజైమ్. ముందు ప్రొటీన్‌ను వేడిచేసి మడతలు విప్పారా? మడతలు విప్పే ఎస్‌డీఎస్ డిటర్జెంట్ ఆ ఎంజైమ్‌ను చంపకుండా ఎన్‌పీ-40 అనే మెత్తని డిటర్జెంట్ కలిపారా? రెండూ చేసినా, అది కోసేది ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిన గొలుసులను మాత్రమే. సెరిన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఉన్నవాటి జోలికి పోదు. మొక్కల్లో, పురుగుల్లో గొలుసు మొదట్లో ఆల్ఫా 1,3 ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే అక్కడా దీని పని సాగదు, పీఎన్‌గేజ్ ఎ కావాలి.

ఇంకో తలనొప్పి, అది నాకు మే నెలలోనే ఎక్కువ. ఈ ఎంజైమ్ చక్కెరను కోసినప్పుడు ఆస్పరజిన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారి బరువు 0.98 డాల్టన్ పెరుగుతుంది, మాస్ స్పెక్‌లో (ప్రొటీన్ ముక్కల బరువు తూచే యంత్రంలో) దాన్ని బట్టే "ఇక్కడ చక్కెర ఉండేది" అంటాం. కానీ వేడికి, క్షార బఫర్‌లో రాత్రంతా వదిలేస్తే చక్కెర లేని ఆస్పరజిన్ కూడా దానంతటదే అలాగే మారుతుంది! కరెంటు పోయి, ఏసీ ఆగిపోయిన గదిలో ట్యూబులు పెట్టి ఇంటికి వెళ్లారంటే పొద్దున్నకు లేని సైట్లు కూడా పుడతాయి. ఆక్సిజన్-18 నీళ్లలో (బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్లలో) కోస్తే తేడా 2.99 అవుతుంది, పాత మార్పులు విడిగా తెలుస్తాయి. అయినా ఎంజైమ్ వేయని ట్యూబు పక్కన ఉండాల్సిందే, ఎందుకంటే ఆ నీళ్లలో ఉన్నంతసేపు దానంతటదే మారినవీ 2.99 చూపిస్తాయి.

అపోహ: చక్కెరలు కణం బయటి వైపే. కాదు, 1984లోనే టోరెస్, హార్ట్ ఓ-గ్లక్‌నాక్‌ను (ప్రొటీన్‌కు తగిలే ఒంటరి చక్కెరను) కనిపెట్టారు, అది కేంద్రకంలో, సైటోప్లాజంలో కూడా ఉంటుంది.

అపోహ: క్లిక్ కెమిస్ట్రీకి నోబెల్ వచ్చింది కదా, తప్పు జరగదు. అజైడ్ గుర్తు పెట్టిన చక్కెరలను కణాలకు తినిపించి, తర్వాత ఆ గుర్తుకు రంగు తగిలించడం ఇందులో పద్ధతి. 2022లో బెర్టోజీ, మెల్డాల్, షార్ప్‌లెస్‌లకు వచ్చింది, నిజమే. కానీ కణాల్లోకి సులువుగా దూరాలని అసిటైల్ తొడిగిన అజైడ్ చక్కెరలు ఎంజైమ్‌తో పని లేకుండా సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అంటుకుంటాయని 2018లో తేలింది. మోతాదు తగ్గించండి.

అపోహ: మంచి మాస్ స్పెక్ దొరికితే చాలు.

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర నిలబడి చూడండి. తాంబాళం ఒకటే, తంగేడు, గునుగు, బంతి అవే పూలు, కానీ ఏ రెండు బతుకమ్మల పేర్పూ ఒకేలా ఉండదు. ఒకే ప్రొటీన్, ఒకే సైటు మీద చక్కెరలూ అలాగే, అందుకే సిగ్నల్ పది ముక్కలై ఒక్కొక్కటీ సన్నగా మిగులుతుంది, పైగా గ్లైకోపెప్టైడ్లు సరిగా అయనీకరణం చెందవు, చక్కెర లేని పెప్టైడ్లు వాటిని మింగేస్తాయి. ముందే ఏరి పంపాలి. 2003 నాటి హైడ్రజైడ్ పద్ధతి (చక్కెరను పూసలకు అతికించి ఏరేది) బాగా ఏరుతుంది గానీ చక్కెర పూసకే అతుక్కొని ఉండిపోతుంది, మీకు సైటు తెలుస్తుంది తప్ప గొలుసు తెలియదు. గొలుసు కావాలంటే చక్కెరతో సహా పంపి, స్పెక్ట్రమ్‌లో చక్కెర ముక్కకు గుర్తయిన 204.09 శిఖరం ఉందో లేదో ముందు చూడమనండి.

మా శాంపిళ్లు పరీక్షకు హైదరాబాద్ పోవాలి. డ్రై ఐస్ డబ్బా కాజీపేటలో రైలెక్కే ముందు నేను మూడు ట్యూబులు అడుగుతా: అసలుది, మానోసైడ్ కలిపినది, ఎంజైమ్ వేయనిది. ఒక్కటి తక్కువైనా డబ్బా వెనక్కి ఫ్రీజర్‌లోకే.