కంచె పీకేముందు: కన్సర్వేటివ్ ఆలోచనలో పాత తగాదా

కన్సర్వేటివ్ అన్న మాటకు మన పత్రికల్లో స్థిరమైన తెలుగు లేదు. ఒకరు సంప్రదాయవాదం అంటారు, ఇంకొకరు మితవాదం అంటారు, కోపమొస్తే ఛాందసం అంటారు. మితవాదంతో మరో తిరకాసు. బడి పుస్తకాల్లో గోఖలే వర్గాన్నీ మితవాదులనే చదువుకున్నాం. ఇందులో అనువాదకుల తప్పేమీ లేదు. ఆ ఆలోచనకే ఒక్క ముఖం లేదు మరి.

1788 ఫిబ్రవరిలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ హాల్లో బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారెన్ హేస్టింగ్స్ మీద అభిశంసన విచారణ మొదలైంది. ఆయన మీద ఆరోపణలు వినిపించడానికి లేచిన బ్రిటిష్ ఎంపీ ఎడ్మండ్ బర్క్ రోజుల తరబడి మాట్లాడాడు. తరతరాలుగా వేళ్లూనుకున్న ఒక సమాజాన్ని ఈస్టిండియా కంపెనీ డబ్బు కోసం కుళ్లబొడిచిందన్నది ఆయన ఆవేదన. ఏడేళ్లు సాగదీసి 1795లో హేస్టింగ్స్‌ను నిర్దోషిగా వదిలేశారు. ఆ మధ్యలోనే, 1790లో, ఫ్రెంచి విప్లవాన్ని దుయ్యబడుతూ బర్క్ రాసిన పుస్తకం వచ్చింది. కన్సర్వేటివ్ ఆలోచనకు మూలపురుషుడని ఆయనకు పేరు తెచ్చింది అదే. రాజు తల తెగడానికి అప్పటికింకా రెండేళ్లకు పైగా టైముంది.

విచిత్రమేమిటంటే బర్క్ రాజరికం, చర్చి పక్షాన నిలిచే టోరీ కాదు, పార్లమెంటు పక్షాన ఉండే విగ్ పార్టీవాడు. అమెరికా వలసల ఫిర్యాదుల్లో న్యాయముందని వాదించినవాడు. కంపెనీ మీదా, పారిస్ విప్లవకారుల మీదా ఆయన కోపం ఒకటేననిపిస్తుంది నాకు: పాతుకుపోయినదాన్ని అర్థం చేసుకోకుండా పెకలించేవాళ్లంటే ఆయనకు పడదు. రాజ్యమంటే మిరియాలు, కాఫీ వ్యాపారంలో పొత్తు లాంటిది కాదన్నాడు. బతికున్నవాళ్లకూ పోయినవాళ్లకూ పుట్టబోయేవాళ్లకూ మధ్య ఉన్న పొత్తు అది. అలాగని మార్పే వద్దనలేదు. మారే దారి లేని రాజ్యానికి తనను కాపాడుకునే దారీ ఉండదని ఆ పుస్తకంలోనే రాశాడు.

యూరప్‌లో మరో పాయ ఇంత మెత్తనిది కాదు. ఆల్ప్స్ ప్రాంతంలోని సవాయ్‌కి చెందిన రచయిత జోసెఫ్ ద మేస్త్ర్‌కు సింహాసనం, చర్చి లేనిదే సమాజమే లేదు. ఫ్రెంచివాళ్లను, ఇటాలియన్లను, రష్యన్లను చూశాను గానీ ‘మనిషి’ అనేవాణ్ని మాత్రం ఎక్కడా చూడలేదని 1797లో ఎత్తిపొడిచాడు. విప్లవం ప్రకటించిన హక్కులన్నీ ఆ కనబడని మనిషికేగా రాసింది! జాతీయవాదులు ఈ రోజుకీ తిప్పితిప్పి చెప్పేది ఆ మాటే.

పేరు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1818లో ఫ్రాన్స్‌లో రచయిత షాటోబ్రియాఁ ఆ పేరుతో పత్రిక పెట్టాడు. 1830లలో బ్రిటన్‌లో టోరీలు దాన్ని తమ పార్టీ పేరు చేసుకున్నారు. పేరు పెట్టుకుని పట్టుమని ఇరవై ఏళ్లు కాకముందే పార్టీ చీలింది. విదేశీ ధాన్యం మీద సుంకం వల్ల భూస్వాములకు మంచి ధర దక్కేది, కార్మికుడి రొట్టె ప్రియమయ్యేది. 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ ఆ సుంకపు చట్టాలను ఎత్తేశాడు. సొంత ఎంపీల్లో మూడింట రెండొంతుల మంది ఎదురు తిరిగితే, ప్రతిపక్షం ఓట్లతో నెగ్గించుకున్నాడు. పదవి పోయింది.

పీల్‌ను సభలో చీల్చి చెండాడినవాడు సొంత పార్టీ ఎంపీ డిజ్రేలీ. ధనికులు, పేదలు ఒకరి మొహం ఒకరికి తెలియని రెండు జాతులైపోయారని అంతకు ముందే నవలలో రాశాడు. ప్రధాని అయ్యాక 1875లో ప్రజారోగ్యం, కార్మికుల ఇళ్ల మీద చట్టాలు తెచ్చాడు. జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా పెట్టాడు. ఇది దయ కాదు, సోషలిస్టుల కాళ్ల కింద నేల లాగేసే ఎత్తు. సంక్షేమం లెఫ్ట్ వాళ్ల సొత్తు అనుకునేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆలోచనను తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పినవాడు ఇంగ్లిష్ రచయిత చెస్టర్టన్. దారికి అడ్డంగా కంచె ఉంది. ఇదెందుకో తెలియడం లేదు, తీసేద్దాం అంటాడొకడు. ఎందుకు వేశారో కనుక్కుని రా, అప్పుడు తీయనిస్తానేమో అంటాడు రెండోవాడు. ఇంగ్లిష్ తత్వవేత్త ఓక్‌షాట్ వంటల పుస్తకాన్ని ఉదాహరణగా తెచ్చాడు. వంట రానివాడికి పుస్తకమిస్తే వంట రాదు, వంట తెలిసినవాడు తనకు తెలిసినదాంట్లో కొంతే పుస్తకంలో పెట్టగలడు. పరిపాలనా అంతేనంటాడు.

మార్కెట్‌కు మాత్రం కంచె మీద గౌరవం లేదు. అసలు గొడవంతా అక్కడే. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ గురువుగా కొలిచిన ఆర్థికవేత్త హయెక్ 1960లో ‘నేనెందుకు కన్సర్వేటివ్‌ను కాను’ అని వ్యాసమే రాశాడు. అమెరికాలో రస్సెల్ కర్క్ లాంటి సంప్రదాయ ప్రేమికులు, స్వేచ్ఛా మార్కెట్ భక్తులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు. 1955లో విలియం బక్లీ పెట్టిన ‘నేషనల్ రివ్యూ’ పత్రికలో ఇద్దరినీ కలిపి కుట్టే పని ఫ్రాంక్ మేయర్ నెత్తిన వేసుకున్నాడు. ఆయన ఒకప్పటి కమ్యూనిస్టు. కుట్టుకు దారం కమ్యూనిజం మీద భయం. 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఆ కలయికతో పోటీచేసి ఆరు రాష్ట్రాలే గెలిచాడు. 1980లో రీగన్ అదే కలయికతో అధ్యక్షుడయ్యాడు.

సోవియట్ యూనియన్ కూలాక దారం తెగింది. నియోకన్సర్వేటివ్‌లు ప్రజాస్వామ్యాన్ని సైన్యంతో ఎగుమతి చేద్దామన్నారు. 2003లో ఇరాక్ యుద్ధానికి ఊపునిచ్చిన వాదన అది. బర్క్ వారసులమని చెప్పుకుంటూ పరాయి దేశపు కంచెలన్నీ ఒక్కసారే పీకేయడమేమిటో నాకిప్పటికీ మింగుడుపడదు. పాట్ బుకానన్ లాంటివాళ్లు ఆ యుద్ధాన్నీ, స్వేచ్ఛా వాణిజ్యాన్నీ కలిపి తిట్టారు. 1992లో బుకానన్ రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కక ఓడిపోయాడు. ఆయన వాదన మాత్రం తర్వాత ట్రంప్ నోట గెలిచింది.

2018లో ట్రంప్ దిగుమతి ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసినప్పుడు ఆయన పార్టీలో మార్కెట్ వర్గం బాహాటంగానే గొణిగింది. పీల్ పార్టీని ముక్కలు చేసిందీ సుంకమే. కాకపోతే అప్పుడు తలుపులు తెరిచినవాడు నాయకుడు, మూసే ఉంచమన్నది పార్టీ.