ఎనిమిది వరసల పట్టిక

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940లలో ఆర్తోగొనల్ అర్రేలనే పట్టికలకు రూపమిచ్చారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలను పరీక్షించడానికి పుట్టిన ఆ గణితం, సమాచారం దారిలో చెడితే ఆ తప్పులు దిద్దే కోడ్‌ల గణితం వేరువేరు కావు. చిన్న లెక్క చేస్తే తెలిసిపోతుంది.

అమెరికన్ గణితవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన కోడ్ తీసుకుందాం. ఏడు బిట్లకు (ఒక్కోటీ 0 గానీ 1 గానీ) 1 నుంచి 7 దాకా నంబర్లు వేయండి. 1, 3, 5, 7 స్థానాల్లో ఉన్న ఒకట్ల లెక్క సరిసంఖ్య కావాలి. ఇది మొదటి తనిఖీ. రెండోది 2, 3, 6, 7 మీద. మూడోది 4, 5, 6, 7 మీద. దారిలో ఆరో బిట్ తారుమారైతే రెండో, మూడో తనిఖీలు తప్పుతాయి. వాటి మొదటి స్థానాలు 2, 4 కూడండి: 6. తప్పు ఎక్కడుందో లెక్కే చెప్పేసింది!

ఇప్పుడు ఆ మూడు తనిఖీలను సున్నాలు, ఒకట్ల వరసలుగా రాసి, ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా అనే పద్ధతిలో అన్ని రకాలుగా కూడితే ఎనిమిది వరసలొస్తాయి. ఏ రెండు నిలువు గళ్లు చూసినా 00, 01, 10, 11 రెండేసి సార్లే ఉంటాయి. రావు గారు నిర్వచించిన జాతి పట్టికే ఇది.

(బీచ్ రోడ్డులో తోపుడుబండి మీద అంచు చిరిగిన క్యూఆర్ కోడ్ కూడా స్కాన్ అవుతుందంటే, 256 మూలకాల పరిమిత క్షేత్రం (కూడినా, తీసివేసినా, గుణించినా, సున్నా కానిదానితో భాగించినా తనలోనే ఉండే సంఖ్యల గుంపు) మీద నడిచే రీడ్–సోలమన్ కోడ్ చలవే.)

క్వాంటమ్ కంప్యూటర్‌లో చిక్కు పెద్దది. తెలియని స్థితిలో ఉన్న క్యూబిట్‌ను, అంటే క్వాంటమ్ బిట్‌ను, నకలు తీయలేం. నేరుగా కొలిస్తే ఆ స్థితి చెదురుతుంది. పైగా బిట్ తిరగబడొచ్చు, ఫేజ్ (0, 1 కలిసి ఉన్న స్థితిలో వాటి మధ్య ఉండే ప్లస్, మైనస్ గుర్తు లాంటిది) తిరగబడొచ్చు. రెండింటికీ తనిఖీలు కావాలి, ఒకటి మరొకదాన్ని చెడగొట్టకూడదు. అలా జరగాలంటే ఒక రకం తనిఖీకీ రెండో రకం తనిఖీకీ ఉమ్మడిగా ఉండే స్థానాలు సరిసంఖ్యలో ఉండాలి. హామింగ్ తనిఖీల్లో మొదటి రెండింటికీ 3, 7 ఉమ్మడి. ఒకటి, మూడులకు 5, 7. రెండు, మూడులకు 6, 7. ఒక్కో తనిఖీలో నాలుగేసి స్థానాలు. అన్నీ సరిసంఖ్యలే! భౌతికశాస్త్రవేత్త ఆండ్రూ స్టీన్ 1996లో ఆ తనిఖీలనే బిట్‌కోసారి, ఫేజ్‌కోసారి వాడాడు. ఏడు క్యూబిట్లలో తనిఖీలకు మూడూ మూడూ పోగా ఒక క్యూబిట్ భద్రంగా మిగిలింది. రిలే (విద్యుత్ స్విచ్) యంత్రాల కాలంలో పుట్టిన లెక్కలో ఈ గుణం ముందే ఉండటం నాకు మహాద్భుతం.

రెండు రకాల తప్పులనూ విడివిడిగా కాక, నాలుగు మూలకాల క్షేత్రంలో కలిపి లెక్కిస్తే ఐదు క్యూబిట్లే చాలు. ఏ ఒక్క క్యూబిట్‌లో వచ్చిన తప్పునైనా దిద్దడానికి అంతకన్నా తక్కువతో కుదరదు.