కోటిపల్లి పట్టాలు, కోనసీమ క్రూడ్

కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా రైలు మాట ఎత్తినప్పుడల్లా కోనసీమలో ఇంకో మాట కూడా వినపడుతుంది: "రైలొస్తే ఈ ఆయిల్ ట్యాంకర్ల బాధ తప్పుద్ది." ఆ ఆశలో న్యాయం ఉంది. ఇరుకు రోడ్ల మీద, ఏటి వంతెనల మీద ట్యాంకర్ వెనకాల స్కూలు ఆటో వెళ్తుంటే చూసేవాళ్ళకు టెన్షన్‌గానే ఉంటుంది. అయితే చమురు రైలంటే ఏమిటో, అది ఖాళీ అయ్యే చోట ఏం జరుగుతుందో తెలుసుకుని అడిగితే మన మాటకు బలం వస్తుంది.

ముందు పట్టాల కథ. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940లో ఆ పట్టాలు పీకి యుద్ధ అవసరాలకు తీసుకుపోయారు. ఆ 45 కిలోమీటర్ల లైను మళ్ళీ వేసి రైలు నడిపేసరికి 2004 వచ్చింది. అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టి తెచ్చిన పని అది. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ఆయన ఆ రైలు చూడలేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల పొడిగింపు 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయలనూ దాటాలి. అసలు ఖర్చూ ఆలస్యమూ అక్కడే.

ఈ లోపల నేల కింద కథ మొదలైంది. 1978లో నర్సాపురం బావిలో గ్యాసు పడింది. తర్వాత రాజోలు చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో రిగ్గులు లేచాయి. 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ వచ్చింది, ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో. సముద్రంలోని రవ్వ క్షేత్రం చమురు ఎస్. యానం టెర్మినల్‌కు చేరి, అక్కడి నుంచి ఓడలకెక్కుతోంది. గ్యాసు పైపుల్లో పోతోంది. కోనసీమ నడిబొడ్డున మాత్రం చమురుకూ రైలుకూ ఇంతవరకూ పరిచయమే లేదు.

ఇక రైలు ఖాళీ చేసే పని. మన దేశంలో చమురు రేకుకు, అంటే ఒక పూర్తి గూడ్సు రైలుకు, దాదాపు 50 ట్యాంకు వ్యాగన్లు ఉంటాయి, ఒక్కోదానిలో 54 టన్నుల దాకా పడుతుంది. రేకు సైడింగులోకి, అంటే సరుకు దింపే పక్క లైనులోకి వచ్చాక ఇంజన్‌ను విడదీసి దూరంగా తీసుకుపోతారు. చేతి బ్రేకులు బిగించి, చక్రాలు కదలకుండా అడ్డు పెడతారు. ఒక్కో వ్యాగన్‌కూ ఎర్తు వైరు తగిలిస్తారు. చమురు గొట్టంలో పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది, అది నేలలోకి పోకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. సీళ్ళు చూస్తారు, పై మూత తీసి చమురు ఎంత లోతుందో (డిప్పు) కొలుస్తారు, శాంపిల్ తీస్తారు, అడుగున నీరు చేరిందేమో చూస్తారు.

అప్పుడు వ్యాగన్ అడుగు వాల్వుకు గొట్టం బిగించి, పంపుతో పెద్ద ట్యాంకులోకి తోడతారు. పైన గాలి వెళ్ళే దారి తెరవకుండా కింద నుంచి లాగితే అంత లావు ఇనుప ట్యాంకూ డొక్కలా లోపలికి నొక్కుకుపోతుంది. మొదట్లో పంపును నెమ్మదిగా నడపాలి. పెద్ద ట్యాంకులో గొట్టం మూతి చమురులో మునిగాకే వేగం పెంచాలి. కారణం మళ్ళీ ఆ స్టాటిక్ కరెంటే. కొన్ని రకాల క్రూడ్‌లో, అంటే ముడి చమురులో, మైనం ఎక్కువ. శీతాకాలంలో మన కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు అది వ్యాగన్‌లో పేరుకుంటుంది. ఆవిరి గొట్టాలతో వేడి చేసి కరిగించాలి, గంటలు పడుతుంది. ఖాళీ చేసే గడువు దాటితే రైల్వేకు డెమరేజ్, అంటే ఆలస్య రుసుము కట్టాలి. నా భయమంతా ఈ తొందర గురించే. ఎర్తు వైరు తర్వాత చూద్దాంలే అనిపించేది అప్పుడే.

చేతి బ్రేకుల సంగతి చిన్నదని ఎవరూ అనుకోకూడదు. అమెరికాలోని నార్త్ డకోటాలో పైపులైన్లు చాలక క్రూడ్‌ను రైళ్ళకెక్కించిన రోజుల్లో, 72 ట్యాంకులున్న ఓ రైలును కెనడాలో రాత్రిపూట వాలు మీద నిలిపి వెళ్ళారు. ఇంజన్‌లో మంట లేస్తే ఆర్పి, ఇంజన్ ఆపేశారు. గాలి బ్రేకుల్లో గాలి క్రమంగా దిగిపోయింది. చేతి బ్రేకులు చాలినన్ని బిగించలేదు. రైలు తనంతట తానే కదిలి లాక్-మెగాంటిక్ ఊళ్ళోకి దూసుకెళ్ళింది. 2013 జులై 6న 47 మంది చనిపోయారు.

మనకూ ఇలాంటి తేదీలున్నాయి. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావి బ్లో అవుట్ అయి, అంటే అదుపు తప్పి గ్యాసు ఎగదన్ని, 65 రోజులు మండింది. 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీలో ఓడ నుంచి ఎల్పీజీ దింపుతుండగా లీకై, దాదాపు 60 మంది పోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. విశాఖలో బావి పేలలేదు, రిగ్గు కూలలేదు. సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతున్న వేళ జరిగిందది. రైలు టెర్మినల్‌లో రోజూ జరిగేది కూడా ఆ మార్పిడే.

ఓ లెక్క వేసి చూద్దాం. ఒక రేకు అంటే 2,700 టన్నులు. తాటిపాక రిఫైనరీ సామర్థ్యం రోజుకు సుమారు 180 టన్నులు. అంటే ఒక్క రైలు సరుకు దానికి 15 రోజుల మేత. ఏడాదంతా కలిపినా రెండు డజన్ల రేకులు. అంత కొద్ది రైళ్ళ కోసం ఇక్కడ పెద్ద టెర్మినల్ కడతారా అన్నది నాకు అనుమానమే. కోనసీమకు రైలు కావలసింది ముందు మనుషుల కోసం, కొబ్బరి కోసం, వరి కోసం. చమురు సైడింగు కూడా వేస్తామని ఎవరైనా అంటే మాత్రం ప్రజాభిప్రాయ సేకరణలో అడగాల్సినవి ఇవి: ట్యాంకుల చుట్టూ కట్టే గోడ, అన్నిటికంటే పెద్ద ట్యాంకు పగిలినా ఆ చమురంతా పట్టేంత ఉంటుందా? చమురు మంటల మీద నురగ చల్లే ఫోమ్ బండి ఎన్ని నిమిషాల్లో వస్తుంది? వరదొచ్చి ఏటిగట్టు అంచుకు నీళ్ళు తాకినప్పుడు యార్డు మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుంది? ఆ డ్రెయిన్ కింద ఎవరి చేలున్నాయి?