ముక్క పరీక్ష ఫలితం వచ్చేలోగా

విశాఖ మద్దిలపాలెంలో ఉండే మా బావగారికి నాలుక ఎడమ అంచున లేచిన పుండు మూడు వారాలైనా మానలేదు. రెండు వారాలు దాటిన నోటిపుండును ఉపేక్షించకూడదు. దానికి ఎదురుగా పదునైన దంతం ఒకటుంది, కారణం అదే కావచ్చు. అయినా క్యాన్సరా కాదా అన్నది కంటితో చూసి తేల్చే విషయం కాదు కనుక డాక్టరు ముక్క పరీక్ష (బయాప్సీ) చేశారు. మత్తు సూది, చిన్న కోత, రెండు కుట్లు. ఫలితానికి వారం పడుతుందన్నారు. ఆరో రోజున అక్క ఫోను చేసింది: "ఇంత ఆలస్యమైందంటే ఏదో కనబడే ఉంటుందిరా."

ఆ వారమంతా ల్యాబ్‌లో ఏం జరుగుతుందో తనకు చెప్పాను. తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. కణాలు చెడిపోకుండా, ఉన్నవి ఉన్నట్టు నిలవాలంటే ఆ ద్రవం లోపలి దాకా ఇంకాలి. అది గంటకు ఒక మిల్లీమీటరుకు మించి ఇంకదు. తరువాత ఆల్కహాలుతో నీటిని లాగేసి, జైలీన్‌తో ఆల్కహాలును తొలగించి, సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగిన మైనాన్ని నింపుతారు. గట్టిపడిన మైనపు దిమ్మను మైక్రోటోమ్ అనే యంత్రంతో పొరలుగా కోస్తారు. మన తల వెంట్రుక మందంలో అలాంటి పొరలు పదికి పైగా పడతాయి! ఒక చెట్టు చేవ నుంచి తీసే హెమటాక్సిలిన్ అనే రంగు కణకేంద్రకాలకు నీలం రంగునిస్తుంది, ఇయోసిన్ మిగతా భాగానికి గులాబీ రంగునిస్తుంది. అప్పుడు పెథాలజిస్టు, అంటే ఆ పొరలను సూక్ష్మదర్శినిలో పరీక్షించే డాక్టరు, చూసేది ముఖ్యంగా రెండు సంగతులు. కణాల వరుస, ఆకారం మారాయా? మారిన కణాలు అడుగున ఉండే పలుచని ఆధార పొరను దాటి లోపలికి చొరబడ్డాయా? సందేహం ఉంటే మరింత లోతు పొరలు కోయిస్తారు. స్పష్టమైన క్యాన్సర్‌ను గుర్తించడం కన్నా, వాపుతో నిండిన మామూలు పుండును క్యాన్సర్ కాదని తేల్చడమే ఒక్కోసారి కష్టం. కాబట్టి ఆలస్యాన్ని బట్టి ఏ అర్థమూ తీయలేం.

అక్క భయం ఊరికే పుట్టింది కాదు. మా ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకునే 'అడ్డ పొగ' అలవాటు స్త్రీలలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిలిలో ఆ పొగ తెచ్చే మార్పులను 1971లోనే ప్రచురించారు. నోటి క్యాన్సర్‌తో పోయినవారిని చూసిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న మాట కూడా అలాంటి కుటుంబాల నుంచే అక్క చెవిన పడింది. అది నిజం కాదు. ముక్క తీయకుండా రోజులు గడపడమే ప్రమాదం.

"మనసు కీడు శంకిస్తోంది" అంటుంది అక్క. 2016లో లండన్ పరిశోధకులు 45 మందితో కంప్యూటర్ ఆట ఆడించారు. రాయి కింద పాముంటే చేతికి కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటి కన్నా, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే వారిలో ఆందోళన ఎక్కువగా కనిపించింది. అక్క గుండెదడ కూడా అలాంటిదే. అది రాబోయే ఫలితానికి సూచన కాదు.

బావగారు గంటకోసారి అద్దంలో చూసుకుని, కుట్ల మీది తెల్లటి పొరను చీము అనుకున్నారు. అది మానే గాయం మీద ఏర్పడే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పొర. నాలుకకు రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి త్వరగా మానుతుంది. చల్లారిన రాగి జావ, ఊరగాయ లేని పెరుగన్నం, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత చాలు.

ఫలితానికి ముగ్గురం కలిసి వెళ్తాం. అడగవలసినవి అక్క కాగితం మీద రాసిపెట్టింది: ఆధార పొర దాటిందా, కణాల్లో మార్పు ఉంటే ఏ స్థాయిలో ఉంది, ఆ దంతాన్ని ఎప్పుడు అరగదీయించాలి, మళ్లీ ఎప్పుడు చూపించాలి.