పసిపిల్లల నీళ్ళు, పొడిపాలు: మా వార్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళలో నీళ్ళు ఒక్కచోటి నుంచి రావు. నల్లా ఉంటుంది, అది రాని రోజు బోరింగు, చుట్టాలొస్తే జార్, మే నెలలో ట్యాంకర్. పెద్దవాళ్ళం ఏదో ఒకటి తాగేసి బతికేస్తాం. మూడు నెలల పిల్లకి పొడిపాలు కలపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే ఆ పిల్ల కడుపులోకి పోయేదంతా ఆ నీళ్ళూ ఆ పొడే, ఇంకేమీ లేదు. నేను పిల్లల వార్డులో నర్సుని. సిరొంచ నుంచి, అటు ఆసిఫాబాద్ నుంచి వచ్చే తల్లులు, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ వెంట వచ్చే అత్తలూ అమ్మమ్మలూ అడిగేవే కింద రాస్తున్నా.

ముందే ఒకటి చెప్పేస్తా. నీళ్ళలో ఉండే చెడు రెండు రకాలు. ఒకటి క్రిములు. రెండోది కరిగిపోయి కంటికి కనిపించని నైట్రేట్, ఫ్లోరైడ్ లాంటివి. మొదటి దానికి పనిచేసే ఉపాయం రెండో దానికి పనిచేయదు. "ఈ నీళ్ళు మంచివేనా సిస్టర్?" అని అడుగుతారు గానీ, అడగాల్సింది ఈ నీళ్ళలో ఏ చెడు ఉండొచ్చు, నేను చేస్తున్న పని దాన్ని తీసేస్తుందా లేదా అని.

అపోహ: "ఎండ 45 దాటింది, తల్లిపాలు తాగే పిల్లకైనా రెండు చెంచాల నీళ్ళు పట్టకపోతే నోరెండిపోదా?"

ఎండిపోదు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే. మా చంద్రపూర్ ఎండల్లో కూడా ఆరు నెలల లోపు పిల్లకి ఆ నీళ్ళు సరిపోతాయి, కాకపోతే మామూలుకంటే ఎక్కువసార్లు పాలడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. నీళ్ళు ఎక్కువ తాగాల్సింది తల్లి. పిల్ల కడుపు ఎంతని, రెండు చెంచాలు నాలుగు చెంచాలై ఆ మేరకు పాలు తగ్గుతాయి, పాలు తాగడం తగ్గితే తల్లికి పాలు రావడమూ తగ్గుతుంది, అప్పుడు "పాలు చాలట్లేదు" అని డబ్బా కొంటారు. ఇది నేను చాలా ఇళ్ళలో చూసిన వరస. రోజుకి ఆరుసార్లో అంతకంటే ఎక్కువో ఒంటేలు పోస్తూ, హుషారుగా ఉంటే పిల్లకి నీళ్ళు చాలుతున్నట్టే.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. చిన్న పిల్లలకి నీళ్ళు మరీ ఎక్కువైతే కిడ్నీలు వాటిని బయటికి పంపలేవు, రక్తంలో సోడియం పడిపోతుంది, ఫిట్స్ రావచ్చు. పూర్తిగా పొడిపాలే తాగే పిల్లకి మండే ఎండల్లో కొంచెం కాచి చల్లార్చిన నీళ్ళు అవసరం పడొచ్చు, కానీ ఎంత అన్నది మీ డాక్టర్‌ని అడిగి ఇవ్వండి. ఆరు నెలలు దాటి అన్నం మొదలుపెట్టాక అందరికీ కాచి చల్లార్చిన నీళ్ళు గుక్కెడు గుక్కెడు అలవాటు చేయొచ్చు.

ఈ లెక్కలోకి బాళ్‌గుటి కూడా వస్తుంది. మరాఠీ పక్కింటావిడ జాజికాయ, కరక్కాయ, వస సాన మీద అరగదీసి పడుతుంది, మన అమ్మమ్మలకి వస సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ సాన ఎవరు కడిగారు, దాని మీద పోసింది ఏ నీళ్ళు? పైగా అందులో తేనె కలిపితే ఏడాది లోపు పిల్లకి బొటులిజం అనే జబ్బు రావచ్చు, కండరాలు చచ్చుబడిపోతాయి. వసపిట్టలా మాట్లాడాలన్న ముచ్చట ఉంటే రోజూ పిల్లతో మీరే ఎక్కువ మాట్లాడండి.

అపోహ: "బాగా మరిగిస్తే ఏ నీళ్ళైనా మంచివే"

దీని మీద కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం. కుతకుతా పొంగే దాకా కాచి, ఒక నిమిషం అలాగే ఉంచితే విరేచనాలు, కలరా, టైఫాయిడ్ తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. అక్కడిదాకా మరిగించడానికి మించింది లేదు. మిగతా సగం ఏంటంటే, నైట్రేట్, ఫ్లోరైడ్ ఆవిరైపోవు. నీళ్ళు ఆవిరైపోతాయి, అవి గిన్నెలోనే ఉంటాయి. అంటే పావుగంట మరిగిస్తే ఇంకా చిక్కబడతాయి.

మన ప్రాంతంలో ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. చంద్రపూర్ జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి పళ్ళు గోధుమరంగు మచ్చలు పడినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. యవత్మాళ్, నాందేడ్ లాంటి జిల్లాల పేర్లు కేంద్ర భూగర్భ జల బోర్డు నివేదికల్లో నైట్రేట్ దగ్గర కనిపిస్తాయి. పత్తికి వేసే యూరియా, బాయి పక్కనే పేడకుప్ప, దగ్గర్లో మరుగుదొడ్డి గుంట, ఇవన్నీ నేలలోకి దిగి నైట్రేట్‌గా ఆ నీళ్ళలోకే చేరతాయి. రుచి తేడా ఉండదు, రంగు ఉండదు, వాసనా ఉండదు.

పసిపిల్లకే ఎందుకంత భయం అంటే, నైట్రేట్ కడుపులో నైట్రైట్‌గా మారి, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. దాన్ని మళ్ళీ బాగుచేసే ఎంజైము ఆరు నెలల లోపు పిల్లల్లో తక్కువ. పెదవులు, గోళ్ళు నీలంగా బూడిదరంగులోకి తిరుగుతాయి, రక్తం తీస్తే చాక్లెట్ రంగులో ఉంటుంది, ఆక్సిజన్ పెట్టినా రంగు మారదు. అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టర్ 1945లోనే దీన్ని రాశాడు: పల్లెల్లో బావి నీళ్ళతో కలిపిన పాలు తాగిన పిల్లలకే ఇలా వచ్చింది. పిల్ల పెదవులు నీలంగా కనిపిస్తే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, ఏ నీళ్ళతో పాలు కలిపారో తప్పకుండా చెప్పండి.

మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇందులో సడలింపు లేదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా. మీ బోరులో ఎంతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళలో ఆడవాళ్ళకి కిట్టుతో నీళ్ళు పరీక్షించడం నేర్పించారు, పంచాయతీలో ఊరి నీళ్ళ సంగతి చూసే జలసురక్షక్ ఉంటాడు, జిల్లా కేంద్రంలో నీటి పరీక్షల ల్యాబ్ ఉంది. అడిగితే చేస్తారు. అడగాలి, అంతే. "మా ఊరికి పచ్చ కార్డు వచ్చింది, నీళ్ళు బాగున్నట్టే" అంటారు కొందరు. పచ్చ, పసుపు, ఎరుపు కార్డులు ప్రధానంగా నీటి వనరు చుట్టూ శుభ్రత, క్లోరిన్ వేయడం చూసి ఇచ్చేవి. ఆ కార్డు చూసి మీ ఇంటి బోరులో ఫ్లోరైడ్ లేదనుకోవద్దు.

నైట్రేట్ ఎక్కువని తేలితే ఆ నీళ్ళు పాలపొడికి వద్దు, మరిగించినా వద్దు. పరీక్షలో నైట్రేట్ తక్కువని తేలిన నల్లా నీళ్ళు ఉంటే అవి కాచి వాడండి, లేదంటే సరిగా పనిచేసే ఆర్వో నీళ్ళు కాచి వాడండి. ఇంకో మాట కూడా చెప్పాలి. తల్లి ఆ బోరు నీళ్ళే తాగుతున్నా ఆమె పాలలోకి ఫ్లోరైడ్, నైట్రేట్ వెళ్ళేది చాలా తక్కువ. ఇలాంటి ఊళ్ళలో తల్లిపాలను మించిన ఫిల్టర్ లేదు. అలాగని పొడిపాలు ఇస్తున్న తల్లిని తప్పుపట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట, ఎవరి ఇబ్బంది వాళ్ళకుంటుంది. డాక్టర్ చెప్పి మొదలుపెట్టినప్పుడు సరిగ్గా కలపడం నేర్పించాలి గానీ సాధించకూడదు.

అపోహ: "టీడీఎస్ మీటర్‌లో నంబరు తక్కువుంటే నీళ్ళు సేఫ్"

ఆ మీటరుకి క్రిములు తెలియవు. నైట్రేట్ ఎంత, ఉప్పు ఎంత అని విడదీసి చెప్పడం కూడా రాదు, కరిగినవన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. మురుగు కలిసిన నీళ్ళకి కూడా మంచి అంకె రావచ్చు.

మిషన్లు అమ్మేవాళ్ళు ఇంటికొచ్చి ఇంకో తమాషా చేస్తారు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మీ నల్లా నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్ళు పోసి, కరెంటు కడ్డీలు ముంచుతారు. మీ నీళ్ళు తుప్పురంగులో గోధుమగా మారిపోతాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ రంగు ఎక్కువగా ఆ ఇనుప కడ్డీదే. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది, ఆర్వో నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, అందుకే అవి తేటగా ఉంటాయి. అంతకుమించి అందులో పరీక్ష ఏమీ లేదు. ఆర్వో కొనొద్దని కాదు, ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్న చోట అదే పనికొస్తుంది. కానీ లోపలి మెంబ్రేన్ పాతబడితే పనిచేయదు, తొట్టి కడక్కపోతే అందులోనే క్రిములు పెరుగుతాయి. కాబట్టి పసిపిల్లకి ఆర్వో నీళ్ళైనా కాచే వాడాలి. యూవీ మిషన్ అయితే క్రిములకే, కరిగిన వాటిని అది ముట్టుకోదు.

"ఆర్వో నీళ్ళలో ఖనిజాలు ఉండవు, పిల్లకి బలం రాదు" అనే భయం కూడా వద్దు. కావాల్సిన ఖనిజాలు లెక్కప్రకారం పొడిలోనే ఉన్నాయి.

అపోహ: "జార్ నీళ్ళు కొన్నాం, ఇక కాచక్కర్లేదు"

కాచాలి. సీలు లేకుండా ఆటోలో వచ్చే చల్లటి జార్ ఎక్కడ నింపారో, ఆ జార్ ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. సీలు ఉన్న సీసా అయినా, దాని మీద 14 అంకెల ఆహార భద్రత (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్స్ నంబరు ఉన్నా, అది స్టెరైల్, అంటే క్రిములు అసలే లేనిది, కాదు. మినరల్ వాటర్ అని రాసి ఉంటే లేబుల్ మీద సోడియం చూడండి, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి.

అపోహ: "రాగి చెంబులో రాత్రంతా ఉంచితే చాలు"

పెద్దవాళ్ళ సంగతి వేరు, పసిపిల్లకి మాత్రం వద్దు. 1980లలో పుణె వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు: కాలేయం చెడిపోయి పిల్లలు చనిపోయే ఒక జబ్బు, రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచి నిల్వ ఉంచిన పాలు పట్టిన పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. పాలు రాగిని లాగేసుకుంటాయి, పసి కాలేయం దాన్ని వదిలించుకోలేదు. ఇళ్ళలోకి స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. కాబట్టి నీళ్ళు కాచడానికి స్టీలు, కలపడానికి స్టీలు.

పటిక, చిల్లగింజ నీళ్ళని తేటపరుస్తాయి, అంతే. తేటపడ్డాక కాచాల్సిందే.

అపోహ: "పొడి కంపెనీది, శుభ్రమే. నీళ్ళు ఒక్కటీ చూసుకుంటే చాలు"

పొడిపాలు స్టెరైల్ కావు. సీలు తీయని డబ్బాలో కూడా అరుదుగా క్రోనోబాక్టర్, సాల్మోనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. క్రోనోబాక్టర్ మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తెస్తుంది, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకీ రెండు నెలల లోపు వాళ్ళకీ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది: నీళ్ళు కనీసం 70 డిగ్రీలు ఉండగానే పొడి కలపాలి. అంత వేడి కావాల్సింది నీళ్ళలోని క్రిముల కోసం కాదు, పొడిలోని వాటి కోసం. చాలా డబ్బాల మీద "గోరువెచ్చని నీళ్ళు" అని ఉంటుంది, అందుకే తల్లులు తికమకపడతారు. చిన్న పిల్లలకి, బరువు తక్కువ పిల్లలకి నేను 70 డిగ్రీలే చెబుతాను, మీ డాక్టర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి.

థర్మామీటర్ అక్కర్లేదు. లీటరు నీళ్ళు పొంగించి, మూతపెట్టి, అరగంట లోపు వాడితే ఆ వేడి ఉంటుంది. కొంచెమే కాస్తే ఇంకా త్వరగా చల్లారుతుంది. ముందు నీళ్ళు కొలిచి పోయండి, తర్వాత పొడి వేయండి. కలిపాక చల్లటి నీళ్ళ గిన్నెలో ఆ గ్లాసు పెట్టి తిప్పండి, మణికట్టు మీద చుక్క వేసి చూసి ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా, పీక కంటే ఉగ్గుగిన్నె కడగడం తేలిక.

అపోహ: "కొంచెం పలుచగా కలిపితే అరుగుతుంది, డబ్బా కూడా ఇంకో వారం వస్తుంది"

డబ్బా ధర చూస్తే ఈ మాట ఎందుకంటారో అర్థమవుతుంది. కానీ పలుచన చేస్తే పిల్లకి అందేది నీళ్ళే, బరువు పెరగదు, పైన చెప్పిన సోడియం సమస్య కూడా వస్తుంది. "పుష్టిగా ఉంటుంది" అని ఇంకో స్కూపు ఎక్కువేస్తే మలబద్ధకం, ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం. చాలా డబ్బాల్లో 30 మి.లీ. నీళ్ళకి ఒక స్కూపు, స్కూపు తలకొట్టి సమంగా. మీ డబ్బా మీద ఏముందో చదవండి, ఒక కంపెనీ స్కూపు ఇంకో డబ్బాలో వాడకండి.

అపోహ: "ప్రయాణంలో కలిపి పెట్టుకుంటే పని తగ్గుతుంది"

బల్లార్షా నుంచి కాజీపేట దాకా రైల్లో, అదీ జనరల్ బోగీలో, కలిపిన పాలు సంచిలో పెట్టుకుని వెళ్తే అవి క్రిములు పెరగడానికి మంచి చోటు. థర్మాస్‌లో పొంగించిన నీళ్ళు, పొడి కొలిచి వేరే చిన్న డబ్బాలో, కడిగి మూతపెట్టిన గిన్నె ఒకటి, ఇవి పట్టుకెళ్ళండి. పిల్ల ఏడ్చాకే కలపండి. కలిపిన రెండు గంటల లోపు తాగించాలి, పిల్ల నోరు పెట్టి వదిలేసినవి మళ్ళీ దాచొద్దు, ఎంత మిగిలినా పారబోయండి. థర్మాస్‌లో నీళ్ళు చల్లారిపోతే ప్యాంట్రీవాళ్ళని వేడినీళ్ళు అడిగే ముందు అవి నిజంగా మరిగినవో, వెచ్చచేసి తెచ్చినవో చూసుకోండి, టీ కోసం వేరే గిన్నెలో పొంగుతున్నవైతే ఇంకా మంచిది.