వెన్నెలలో వెన్న లేదు: ‘నెల’ మాట మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: వెన్నలా చల్లగా, మెత్తగా ఉంటుంది కాబట్టి వెన్నెల.

వాస్తవం: వినడానికి బాగుంది గానీ, పదాన్ని విరవాల్సిన చోటు అది కాదు. వెన్ + నెల అని విరవాలి. గోడకు వెల్ల వేస్తామే, ఆ తెలుపే ‘న’ ముందు ‘వెన్’ అయింది. నెల అంటే చంద్రుడు. తమిళంలో ఇదే జంట ‘వెణ్ణిలా’. వెన్న దగ్గర విరిస్తే ‘ఎల’ మిగులుతుంది. ఎలమావిలో ఉన్న ఆ ఎలకు లేత అని అర్థం, వెలుగు అని కాదు. ఏ వ్యుత్పత్తినైనా నమ్మే ముందు రెండు చూడండి: మిగిలిన ప్రతి ముక్కకూ అర్థం కుదిరిందా? సోదర భాషల్లో ఆ మాట ఉందా?

అపోహ: నెల అంటే అసలు ముప్పై రోజులే, చంద్రుడనేది కవులు తగిలించిన అర్థం.

వాస్తవం: చంద్రుడే ముందు. నెలవంకలో, శివుడికున్న ‘నెలతాల్పు’ పేరులో ఉన్నది ఆ అర్థమే. తమిళంలో ‘తింగళ్’, కన్నడలో ‘తింగళు’ కూడా అటు చంద్రుడు, ఇటు మాసం. అమాస నుంచి అమాసకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులే, అంటే ఏడాదికి దాదాపు 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చేదే అధికమాసం: 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం.

అపోహ: నేల, నెల ఒకే మాట.

వాస్తవం: కాదు. నేలకు తమిళ తోబుట్టువు ‘నిలం’, నెలకు ‘నిలా’.

అపోహ: అమాస అంటేనే చీకటి, చెడు.

వాస్తవం: అమావాస్యలో ‘అమా’ అంటే కలిసి, ‘వస్’ అంటే ఉండటం. సూర్యచంద్రులు ఒక్కచోట ఉండే తిథి అది. రాజు ఇంటివాడిగా మెలిగే అమాత్యుడిలోనూ ఇదే ‘అమా’. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు మారితే ఒక తిథి గడిచినట్టు. ఎడం సున్నా అయ్యే క్షణమే పంచాంగంలో అమావాస్య ముగిసే వేళ. చంద్రుడి వెలిగే వైపు మనకు కనబడకపోవడం వల్ల వచ్చే చీకటి దాని ఫలితమే గానీ ఆ మాటకు అర్థం కాదు. ఇక చెడు అంటారా, నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి గుడికి జనం పోటెత్తేది అమాసకే. ఎంగిలిపూల బతుకమ్మ ఆడేదీ పెత్రమాస నాడే. ‘పితృ అమావాస్య’ మన నోట పెత్రమాస అయింది. పెద్దల అమాస అని కూడా అంటాం, అక్కడ పెద్దలంటే కాలం చేసిన మన పెద్దలు.