320డి కొనాలా, 520డి కొనాలా: సెకండ్ హ్యాండ్ డీజిల్ సెడాన్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ఆదివారం నిజాంపేట నుంచి భార్యాభర్తలిద్దరు కూకట్‌పల్లిలోని నా షెడ్డుకు వచ్చారు. రెండు కార్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి 2018 బీఎండబ్ల్యూ 320డి, 45 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2017 చివర్లో రిజిస్టరైన 520డి, లక్షా పది వేలు తిరిగింది. మొదటిది 3 సిరీస్, అంటే చిన్న సెడాన్. రెండోది 5 సిరీస్, దానికన్నా పెద్దది. రేటులో తేడా రెండు లక్షలే.

"అన్నా, మా బాబాయి తక్కువ తిరిగిందే తీసుకోమంటున్నాడు. ఆఫీసులో వాళ్లేమో 5 సిరీస్ మెయింటెనెన్స్ మన వల్ల కాదంటున్నారు. మీరేమంటారు?" అని ఆయన అడిగాడు. ఆమె మాత్రం ఒకటే మాట చెప్పింది. "మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులన్నా. ఆమె వెనక సీట్లో ఇబ్బంది లేకుండా కూర్చోవాలి."

కొనే ముందు కారు చెక్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా పని. పదహారేళ్లుగా ఇదే చేస్తున్నాను. మెర్సిడెస్‌లో సీ క్లాసా ఈ క్లాసా, ఆడిలో ఏ4 తీసుకోవాలా ఏ6 తీసుకోవాలా, స్కోడాలో ఆక్టేవియానా సూపర్బా... కార్ల పేర్లు మారతాయి గానీ అడిగేది ఇదే. చాలామంది ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు పట్టుకుని వస్తారు. వాళ్ల టెన్షన్ చూస్తుంటే నాకూ టెన్షనే. అందుకే తరచుగా వినే మాటలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: పెద్ద కారుకు పెద్ద ఇంజిన్ ఉంటుంది, అందుకే ఖర్చెక్కువ.

ఈ రెండు కార్లలో ఇంజిన్ ఒకటే. బి47 అంటారు. 1,995 సీసీ, నాలుగు సిలిండర్లు, 190 హార్స్ పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. గేర్‌బాక్స్ కూడా రెండింట్లోనూ జడ్‌ఎఫ్ కంపెనీ చేసిన 8 స్పీడ్ ఆటోమేటిక్. మెర్సిడెస్‌లోనూ ఇంతే. 2018 చివర్లో వచ్చిన సీ220డిలో, ఆ కాలపు ఈ220డిలో ఉన్నది 194 హార్స్ పవర్ ఇచ్చే ఒకే 2 లీటర్ల డీజిల్ ఇంజిన్. కాబట్టి ఆయిల్, ఫిల్టర్ల వరకు మామూలు సర్వీసు బిల్లు దగ్గరదగ్గరగానే వస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం సీసీని బట్టి వేస్తారు, అందులోనూ తేడా రాదు.

తేడా వచ్చేది చక్రాల దగ్గర. 3 సిరీస్‌కు ముందు సస్పెన్షన్ స్ట్రట్ పద్ధతిలో ఉంటుంది. 5 సిరీస్‌కు డబుల్ విష్‌బోన్. అంటే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లు ఎక్కువ, బాల్ జాయింట్లు ఎక్కువ, వాటి మధ్య ఉండే రబ్బరు బుష్‌లు ఎక్కువ. గుంతల మీద ఆ కారు అంత మెత్తగా వెళ్లడానికి కారణం అవే, మన వానాకాలం దాటాక టకటక శబ్దం మొదలయ్యేదీ వాటి దగ్గరే. ఏ6 లాంటి వాటిలో కొన్నింటికి ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది, అది లీకైతే ఖర్చు ఇంకో స్థాయిలో ఉంటుంది. అడాప్టివ్ ఎల్‌ఈడీ హెడ్‌లైట్ పగిలితే ఒక్క లైటుకే లక్ష దాటుతుంది. కారు పాతబడితే కారు రేటు తగ్గుతుంది గానీ స్పేర్ పార్టు రేటు తగ్గదు. పాతిక లక్షలకు కొన్నా, ఆ కారుకు వేసేది అరవై లక్షల కారు సామానే.

అందుకే కారు రేటులో పదో వంతు మొదటి ఏడాది రిపేర్ల కోసం పక్కన పెట్టమని అందరికీ చెప్తాను. పెద్ద కారైతే ఇంకొంచెం. ఆ డబ్బు కూడా పెడితే గానీ పెద్ద కారు కొనలేని పరిస్థితి అయితే, చిన్నది తీసుకోండి.

అపోహ: తక్కువ తిరిగిన కారే మంచి కారు.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పెట్రోల్ కారు విషయంలో కొంతవరకు నిజమేమో గానీ, డీజిల్ విషయంలో కిలోమీటర్లు ఎన్ని అన్నదానికన్నా ఎలా తిరిగాయన్నది ముఖ్యం.

నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి పది పన్నెండు కిలోమీటర్లు. పొద్దున ట్రాఫిక్‌లో ముప్పావు గంట. అందులో సగం సేపు కారు నిలబడే ఉంటుంది. ఇంజిన్ సరిగ్గా వేడెక్కి, ఊపిరి పీల్చుకునే సమయానికి ఆఫీసు సెల్లార్‌లో ఆఫ్ చేసేస్తాం. అలా ఏళ్ల తరబడి నడిచిన డీజిల్ ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ పూడుకుపోతుంది, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌లో నల్లటి జిగురు కడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్6 కార్లయితే ఇంకో సంగతి ఉంది. వాటిలో మసిని పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, తనను తాను శుభ్రం చేసుకోవడానికి లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. దాని కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. అది పూర్తికాకముందే మనం కారు ఆపేస్తుంటే, మిగిలిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బేరింగులు, టర్బో అరిగేది అలాంటి పల్చబడిన ఆయిల్‌తోనే.

ఆ 320డి 45 వేల కిలోమీటర్లూ ఇలాగే తిరిగింది. సర్వీస్ రికార్డులో ఏడాదికి ఏడు వేలు కూడా లేవు, ఆయిల్ మార్పుల మధ్య రెండు చోట్ల రెండేళ్ల గ్యాప్ ఉంది. స్కానర్ పెడితే ఈజీఆర్‌లో లోపం ఉందని చెప్పే కోడ్ దొరికింది. 520డి మొదటి ఓనరు వ్యాపారం మీద వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లి వచ్చేవాడు. ఆ లక్షా పది వేలలో ఎక్కువ భాగం జాతీయ రహదారి 65 మీద, ఒకే వేగంలో, ఇంజిన్ పూర్తి వేడిలో తిరిగినవి. సీట్ల తోలు కాస్త నలిగింది, స్టీరింగ్ మెరుపెక్కింది. ఇంజిన్ మాత్రం శుభ్రంగా ఉంది.

మీది రోజూ పది కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణమే అయితే, నెలకు ఒక్కసారి కూడా ఊరు దాటని ఇల్లయితే, అసలు డీజిల్ వద్దని చెప్తాను. అప్పుడు చిన్నదా పెద్దదా అనే ప్రశ్నే రాదు. డీజిలే కావాలంటే రెండు వారాలకోసారైనా గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగకుండా వెళ్లి రండి. కారుకు అది కూడా సర్వీసే.

అపోహ: మీటర్‌లో చూపించేదే అసలు లెక్క.

మీటర్ తిప్పే వాళ్లు ఊరంతా ఉన్నారు. కానీ ఈ తరం బీఎండబ్ల్యూల్లో కిలోమీటర్లు మీటర్‌లో మాత్రమే ఉండవు, కారులోని వేరే చిన్న కంప్యూటర్లలోనూ (మాడ్యూళ్లు), తాళంలోనూ నమోదవుతాయి. అన్నీ చదివి సరిపోల్చాలి. రెండు తాళాలూ అడగండి. ఒకటి పోయిందని చెప్తే ఎందుకు పోయిందో కూడా అడగండి.

అపోహ: ఇంజిన్ బాగుంటే కారంతా బాగున్నట్టే.

2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. టోలిచౌకి నదీం కాలనీలో, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో కార్లు నీళ్లలో మునిగిపోయాయి. అలాంటి కార్లను కడిగి, ఆరబెట్టి, మళ్లీ అమ్మకానికి పెట్టేవాళ్లుంటారు. ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక టీచర్ గారు నాతో ఒక పెద్ద సెడాన్ చూపించుకున్నారు. సాయంత్రం అయిపోయింది, చినుకులు పడుతున్నాయి. ఇంజిన్ చూశాను, గేర్‌బాక్స్ చూశాను, నడిపి చూశాను, బాగుందన్నాను. డిక్కీ అడుగు ఎత్తి చూడలేదు. నాలుగు నెలలకు ఒక్కొక్కటిగా లైట్లు, అద్దాలు, సెన్సర్లు పోవడం మొదలైంది. మూడు లక్షల పైన ఖర్చయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

అప్పటి నుంచి చీకట్లో, వానలో ఏ కారూ చూడను. సీటు బెల్టు చివరి దాకా లాగి చూస్తాను, బురద మరక అక్కడ దాగదు. కార్పెట్ కింద చెయ్యి పెడతాను. డిక్కీ అడుగు కచ్చితంగా ఎత్తిస్తాను. ఈ బీఎండబ్ల్యూ సెడాన్లలో బ్యాటరీ ఉండేది డిక్కీలోనే, నీళ్లు చేరేదీ అక్కడే. కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే కారు రేటు ఎంత తగ్గించినా వద్దనే చెప్తాను. పెద్ద కార్లలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాబట్టి నీళ్ల దెబ్బ కూడా ఎక్కువే.

ఇంకో మాట. కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారు. చల్లటి ఇంజిన్ మొదటి అర నిమిషంలో చేసే శబ్దమే మనకు కావాలి. ముఖ్యంగా బి47 కంటే ముందు వచ్చిన ఎన్47 ఇంజిన్‌లో టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిచి మూయించే గొలుసు, గేర్‌బాక్స్ వైపు, ఇంజిన్ వెనక ఉంటుంది. అది వదులై గలగలమంటే మార్చడానికి ఇంజినో గేర్‌బాక్సో దింపాల్సిందే. అలాగే 2018లో బీఎండబ్ల్యూ ఈజీఆర్ కూలర్, అంటే ఆ పొగను చల్లబరిచే భాగం, లీకయ్యే సమస్య మీద ప్రపంచమంతటా 16 లక్షల డీజిల్ కార్లను రీకాల్ చేసింది, అంటే సరిచేయడానికి వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్న కారు ఛాసిస్ నంబరు మీద పెండింగ్ రీకాల్ ఏదైనా ఉందేమో సర్వీస్ సెంటర్లో అడగండి.

అపోహ: ఆటోమేటిక్ గేర్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు.

గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. బిల్లు చూపించకపోతే మార్చలేదనుకుని, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

అపోహ: పెద్ద కారు ఈ ట్రాఫిక్‌లో నడపలేం.

నడపడం అలవాటైపోతుంది. అసలు చిక్కు ఆపే దగ్గర వస్తుంది. 320డి పొడవు సుమారు 4.63 మీటర్లు, 520డి 4.94 మీటర్లు. ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) ఎక్కువున్న ఈ క్లాస్ లాంగ్ వీల్‌బేస్ అయితే 5.06 మీటర్లు. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గీత గీసిన స్లాట్ చాలా చోట్ల ఐదు మీటర్లే, మధ్యలో పిల్లర్ ఒకటి. అందుకే కారు చూడటానికి వెళ్లే ముందు టేపు పట్టుకుని సెల్లార్‌కు వెళ్లండి. తలుపు తెరిస్తే పిల్లర్ తగులుతుందా, ర్యాంపు మలుపు ఒకేసారి తిరుగుతుందా చూసుకోండి. వీల్‌బేస్ పొడవు పెరిగేకొద్దీ ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద కారు మధ్య భాగం రాసుకోవడమూ పెరుగుతుంది. కాలనీ లోపల ఎవరికి వారు వేసుకున్న బ్రేకర్లు ఉన్న వీధైతే ఇది చిన్న విషయం కాదు.

వెనక సీటు విషయంలో కాగితం మీద లెక్కలు నమ్మకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లోపల కాళ్లు చాపుకునే చోటు కన్నా, సీటు ఎంత ఎత్తులో ఉందో, తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో ముఖ్యం. ఈ సెడాన్లన్నీ కిందికే ఉంటాయి. "అమ్మా, మీ అత్తమ్మను తీసుకొచ్చి రెండింట్లోనూ కూర్చోబెట్టండి" అన్నాను. మర్నాడు తీసుకొచ్చారు. పెద్దావిడ 320డిలోంచి లేవడానికి కొడుకు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. 520డి తలుపు పెద్దది కావడంతో ముందు కాళ్లు బయట పెట్టి, డోరు పట్టుకుని తనంతట తనే లేచింది.

అపోహ: డీజిల్ కారంటే పదేళ్లే.

పదేళ్ల రూల్ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానిది. తెలంగాణలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేసుకోవచ్చు. ఆ రూల్ వల్లే ఢిల్లీ కార్లు తక్కువ రేటుకు ఇక్కడి సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీలకు వస్తుంటాయి. వాటికి అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు కొన్న రేటు మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద, వయసును బట్టి లెక్కేస్తారు. పెద్ద కారుకు ఆ దెబ్బ పెద్దది. తెలంగాణ నంబరు కారే అయితే ఫారం 29, 30తో పేరు మార్చుకుంటే చాలు, లోను ఉండి ఉంటే అది తీరిపోయిందని చూపే ఫారం 35 కూడా తప్పనిసరిగా తీసుకోండి.

నిజాంపేట వాళ్లు చివరికి 520డి తీసుకున్నారు. ముందు బుష్‌లు రెండు వైపులా పోయి ఉన్నాయి, గేర్ ఆయిల్ మార్చిన బిల్లు లేదు. ఆ రెండింటి ఖర్చు చూపించి లక్షన్నర తగ్గించారు. వాళ్ల స్లాట్‌లో మాత్రం కారు పట్టలేదు. కింది ఫ్లోర్ పెద్దాయనతో మాట్లాడి, ఆయన వ్యాగన్ఆర్ స్లాట్‌తో మార్చుకున్నారట. మొన్న ఫోన్ చేసి, వచ్చే వారం అత్తమ్మను గుంటూరు తీసుకెళ్తున్నామన్నారు. గేర్ ఆయిల్ మార్చాకే బయల్దేరమన్నాను. గురువారం పొద్దున కారు షెడ్డుకు వస్తోంది.